నిటారు నడుము

దుప్పటి ఒక కొసని బల్ల అంచున పరిచి, అది జారకుండా ఇసుక సంచీ పెట్టి, రెండో కొస పట్టుకుని ఆమె వెనక్కి నడిచింది. అసలిది ఇద్దరు చేసే పని. రోజూ ఎదుట నిలబడి రెండో కొస పట్టే మనిషి, పొద్దున్న మొదలుపెడితే బెల్లు కొట్టేదాకా నోరు మూయదు కాబట్టి లాండ్రీ అంతా రేడియో అని పిలిచే మనిషి, పన్ను సలుపుతోందని మధ్యాహ్నమే ఇంటికి పోయింది. ఎవరి పన్ను సలిపినా ఆస్పత్రి దుప్పట్లు ఆగవు. డ్రయ్యర్ల కడుపులో గిరగిరా తిరిగి, వేడివేడిగా బండి నిండా వచ్చి పడుతూనే ఉంటాయి. ఇది నేలమాళిగ గది. పైకప్పుకి ఆనుకుని సన్నటి కిటికీలు. వాటిలోంచి వీధిలో నడిచేవాళ్ళ పాదాలు తప్ప ఇంకేమీ కనపడవు. పాదాలను బట్టి మనుషుల్ని పోల్చుకోవడం ఆమెకి అలవాటైపోయింది. ఈడ్చుకుంటూ పోయే చెప్పులు వార్డు ఆయావి, టకటకలాడేవి కొత్తగా వచ్చిన డాక్టరమ్మవి. నాలుగింటికి ఆ కిటికీలోకి కొంగ బూట్లు వస్తాయి. ఇంకా గంట ఉంది. వచ్చి ఎదురుగా నిలబడితే దానికి ఏం చెప్పాలో ఈ గంటలో తేల్చుకోవాలి.

కొంగ అంటే చెల్లెలి కూతురు. పొడుగు కాళ్ళు, పొడుగు మెడ, ఇంకా పందొమ్మిది నిండని ధైర్యం. రేపు పొద్దున్న సైన్యంలో చేరడానికి పరీక్షకి వెళ్తోంది. పారాచూట్ కట్టుకుని విమానంలోంచి దూకే దళంలోనే చేరతానంటోంది, ఇంకే దళమూ వద్దట. నిన్న చెల్లెలు వచ్చి వంటగది గుమ్మంలోనే కూలబడింది. "అక్కా, దాని బుర్ర పాడుచేసింది నువ్వు. బాగుచేసే పూచీ కూడా నీదే." నేనేం చేశానే అంటే కయ్యిమంది. "ఆ దూకిన కథ చెప్పిందెవరు? అన్నం తింటుంటే చెప్పావు, దానికి జ్వరమొస్తే పక్కన కూర్చుని చెప్పావు, నా పెళ్ళిలో మా అత్తగారికి కూడా చెప్పావు!" అడిగితే చెప్పానంది ఆమె. "అయితే ఇప్పుడు నేనడుగుతున్నా, వద్దని చెప్పు. నా మాట దానికి చెవిటివాడి ముందు శంఖం. నువ్వంటే మాత్రం ఆగుతుంది." చెల్లెలు కళ్ళు తుడుచుకుని వెళ్ళిన కాసేపటికే ఫోను మోగింది. "పెద్దమ్మా, అమ్మ వచ్చి ఏడ్చి వెళ్ళిందిగా? నాకు అమ్మ చెప్పమన్న మాట వద్దు. నీ మాట కావాలి. రేపు నాలుగింటికి లాండ్రీకి వస్తా. వెళ్ళమంటే వెళ్తా, మానెయ్యమంటే మానేస్తా." అంతే, పెట్టేసింది. ఎంత తేలిగ్గా అనేసింది. బరువంతా తీసి ఎదుటివాళ్ళ చేతిలో పెట్టడం ఈ వయసువాళ్ళకే వస్తుంది.

ఎడమ అంచు కుడి అంచు మీదికి తెచ్చి, అరచేత్తో నిమిరి, మడత లోపల గాలిని బయటికి తోసేసింది. సంచీ తీసి ముందుకి జరిపింది. ఈ సంచీలు తను కుట్టుకుని తెచ్చిన మొదటిరోజు రేడియో పడీ పడీ నవ్వింది. "ఇదేంటమ్మా, దుప్పటి ఎగిరిపోతుందని కాపలా పెట్టావా?" ఎగిరేవాటినే మడిచేదాన్ని, అలవాటు పోలేదంది ఆమె. సైన్యంలో ఉన్నప్పుడు, పారాచూట్లు మడిచే షెడ్డులో, సంచీల్లో ఇసుకకి బదులు సీసపు గుళ్ళు ఉండేవి. అరచేతికి చల్లగా, బరువుగా, నిద్రపోతున్న పిల్లిపిల్లల్లా ఉండేవి. వేసవి మధ్యాహ్నం ఎవరూ చూడకుండా ఒకటి తీసి నుదుటి మీద పెట్టుకునేది. అవి ఇప్పుడెక్కడున్నాయో, ఎవరి నుదుటి మీదున్నాయో.

దేశం మీద ప్రేమతో చేరావా అని ఎవరైనా అడిగితే తలూపుతుంది. తలూపడం తేలిక. ఆమె చేరింది మంచం కోసం. రెండు గదుల ఇల్లు, ముగ్గురు ఆడపిల్లలు, ఒక్కటే మంచం. మధ్యలో పడుకున్నదానికి ఊపిరాడదు, గోడవైపు దానికి చలి, అంచున పడుకున్నదానికి నిద్రలో కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. పెద్దది కాబట్టి అంచు ఆమెది. ఒకరోజు బడిలో తనకంటే పై తరగతి చదివిన పిల్ల, సైన్యంలో చేరిన పిల్ల, సెలవుకి వచ్చి మాటల్లో అంది, "ఒక్కొక్కళ్ళకి ఒక మంచం, మంచం కింద ఒక పెట్టె, పెట్టెకో తాళం." మిగతాదేదీ చెవికెక్కలేదు. తాళం! తన వేలికి సరిపడా చిన్న తాళంచెవి! నాన్న దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకునే ప్రపంచంతో మాట్లాడే మనిషి. సైన్యంలో చేరతానంటే ఒక్కొక్క సూదీ తీసి సూదుల దిండుకి గుచ్చి, నోరు ఖాళీ చేసుకుని అప్పుడడిగాడు. "అక్కడ నీకేం పనిస్తారే?" ఏదిస్తే అదే అంది. "కుట్టు వచ్చని చెప్పు. తుపాకీలకి దూరంగా ఎక్కడో కూర్చోబెడతారు." చెప్పింది. దూరంగానే పెట్టారు గానీ, కూర్చోబెట్టలేదు, నిలబెట్టారు. పొడవాటి షెడ్డు, దానంత పొడవాటి బల్లలు, ఒక్కో బల్ల ముందు ఒక్కో పిల్ల. ఎంత సన్నటి బట్టో. వేళ్ళ మధ్యనుంచి నీళ్ళలా జారిపోయేది. తాళ్ళు చిక్కు తీసి వరస పెట్టాలి, అతుకులు ఎడమ సగం కుడి సగం సమానంగా పేర్చాలి, నిమరాలి, బరువు పెట్టాలి, మళ్ళీ పేర్చాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చచ్చామే. చేసిందంతా విప్పేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అందుకే ఇప్పటికీ ఆమె కూర తరుగుతుంటే ఇంట్లో మొగుడు పలకరించడు, కత్తి కింద పెట్టేదాకా గుమ్మంలో నిలబడి దగ్గుతాడు.

షెడ్డు పెద్దని అందరూ తాతయ్య అనేవాళ్ళు. ఆయన ఎదుట కాదులే. మొదటిరోజు వాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి ఒక్క ముక్క చెప్పాడు. "మీరు మడిచినదాన్ని ఎప్పుడు ఇచ్చి దూకమన్నా దూకాలి. సిద్ధంగా లేనివాళ్ళు ఇప్పుడే ఇంటికి పోయి దుప్పట్లు మడుచుకోండి." అదిగో, చివరికి వచ్చి మడుచుకుంటోంది. తాతయ్య చూస్తే ఏమనేవాడో. మడత చూసి మాత్రం ఏమీ అనలేకపోయేవాడు. ఈ దుప్పటి ఏ వార్డుకి పోతుందో, ఎవరి కింద నలుగుతుందో తెలియదు. మడత వంకర పోతే ఎవరూ చావరు. మొదట్లో ఆ సంగతి గుర్తొస్తే గుండె తేలికయ్యేది. తర్వాత్తర్వాత అదే సంగతికి, ఎందుకో, చేతులు చిన్నబుచ్చుకునేవి.

దూకిన కథ అందరికీ తెలిసినదే. తాతయ్య అన్నట్టే ఒకరోజు ఆమెకి ఆమె మడిచిన పారాచూటే కట్టారు. విమానం తలుపు తెరిచి ఉంది, గాలి జుట్టు పీకేస్తోంది, ఇంతలో వెనకనుంచి ఎవడో, "అక్కా, పోతే పో, లేకపోతే తలుపెయ్, చలేస్తోంది!" అన్నాడు. ఆ కోపంతో దూకేసింది. ఇక్కడ అందరూ నవ్వుతారు. చెల్లెలి అత్తగారు కూడా నవ్వింది, ఆవిడ నవ్వడం పెళ్ళంతా కలిపి అదొక్కసారే. కథలో ఆ కుర్రాడు నిజం, చలి నిజం, కోపం కూడా నిజమే. అంతకు ముందురోజుది ఎవరికీ చెప్పలేదు. ముందురోజు ఒకతను దూకి రాళ్ళ మీద పడ్డాడు. రెండు కాళ్ళూ విరిగాయి. అతని వీపున ఉన్నది ఆమె మడిచిన పారాచూట్. ఆ వార్త షెడ్డులోకి ఎవరు తెచ్చారో గుర్తులేదు, బల్లల మీద చేతులన్నీ ఒక్కసారి ఆగిపోవడం మాత్రం గుర్తుంది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె కూర్చున్న బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు. పక్క మంచం పిల్ల, గోరింక అని పిలుచుకునే పిల్ల, రోజూ ఆమె కంచంలో చెయ్యి పెట్టి తినే పిల్ల, కంచం పట్టుకుని వచ్చి, ఆగి, ఎదుటి బెంచీకి వెళ్ళిపోయింది. బెంచీ పొడుగ్గా, నున్నగా, ఖాళీగా ఉంది. మంచం అంచున ముడుచుకుని పెరిగిన పిల్లకి జీవితంలో మొదటిసారి దొరికిన అంత చోటు అది.

ఆమె మడిచి పెట్టినవాటిలోంచి ఒకటి తీసి ఆమెకే కట్టండి, అన్నాడు మర్నాడు ఆఫీసరు. అదీ దూకడం. గౌరవమని కథలో చెప్పుకుంది. అది విచారణ. ఆమెకి దూకడం సరిగా నేర్పలేదు కూడా. మడిచేవాళ్ళకి చెక్క దిమ్మ మీదనుంచి ఇసుకలోకి దూకించి, అయిందనిపించేవాళ్ళు. తలుపు దగ్గర ఆమెకి చావు భయం అంతగా లేదు, ఇది ఎవరు నమ్ముతారు. తెరుచుకోవాలి, తెరుచుకుంటే అందరికీ తెలుస్తుంది, అదొక్కటే. ఆ తర్వాత భుజాలని ఎవరో ఎత్తి పట్టుకున్నట్టు ఒక్క కుదుపు. తలెత్తి చూసింది. తన మడతలన్నీ ఒకదాని వెనక ఒకటి విడిపోయి, నిండుగా, గుండ్రంగా నిలబడి ఉన్నాయి. ఎడమ సగం, కుడి సగం సమానం. ఎంత నిశ్శబ్దం. కింద షెడ్డు కప్పు అగ్గిపెట్టెలా ఉంది. ఇది నేను చేశాను, ఇదే నన్ను మోస్తోంది. ఇంత ఖాయంగా ఇంకే సంగతీ, పెళ్ళి నాడు కూడా, ఆమెకి అనిపించలేదు. ఇది కొంగకి చెప్పకుండా వద్దని ఎలా అంటుంది? అన్నా అబద్ధమే అవుతుంది. మరి వెళ్ళమంటే? ఆ బెంచీ ఏమవుతుంది? ఆ తర్వాతిది ఏమవుతుంది?

నేల అంత తొందరగా వస్తుందని ఎవరూ చెప్పలేదు. మడమలు తగిలాయి, వెంటనే కూర్చున్నట్టు పడింది, నడుము కింద ఎక్కడో పచ్చికొమ్మ విరిచినట్టయింది. జీపు వస్తోంది. లేవకపోతే మడతలోనే తప్పుందంటారు. మూలిగినా అదే అంటారు. లేచింది. ఎలా లేచిందో ఆ దేవుడికే తెలియాలి. జీపు ఆగేసరికి నిటారుగా నిలబడి, "బాగా తెరుచుకుంది సార్," అంది. ఆఫీసరు ఎగాదిగా చూసి వెనకాలవాళ్ళతో, "నిలబడితే ఇలా నిలబడాలి," అన్నాడు. కాళ్ళు విరిగినతను కూడా సాయంత్రానికి మాట్లాడే స్థితికి వచ్చాక, పారాచూట్ మంచిదే, గాలి కొట్టి రాళ్ళ మీదికి ఈడ్చిందని చెప్పాడు. ఆ పూట భోజనాల దగ్గర బెంచీ నిండిపోయింది. గోరింక ఏమీ జరగనట్టు వచ్చి కంచంలో చెయ్యి పెట్టింది. ఆమె కంచం జరపలేదు, దగ్గరికి లాక్కోలేదు. నడుము సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మొదట మడత పరువు కోసం, తర్వాత మంచం పోతుందని, ఆ తర్వాత ఇంత ఆలస్యంగా ఏం చెబుతాంలే అని. ఎముక దాని ఇష్టం వచ్చినట్టు అతుక్కుంది. ఇచ్చిన గడువు పూర్తిచేసి ఇంటికి వచ్చేసరికి ముందుకి వంగడమనేది ఆమె ఒంట్లోంచే పోయింది.

వీధిలో అందరూ మురిసిపోయారు. చూడండి నడక, మిలటరీ నడుమంటే అదీ! కూరగాయలమ్మాయి కూడా ఆమె వస్తే సర్దుకుని నిలబడేది. బస్సులో సీటున్నా కూర్చోని ఈ మనిషికి ఎంత పొగరో అనుకునేవాడట ఆ బస్సు డ్రైవరు. అద్దంలో ఆ పొగరుని చూసి చూసీ చివరికి పెళ్ళి చేసుకున్నాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె కిందపడ్డ చెంచాని కాలివేళ్ళతో పట్టి పైకి అందుకోవడం చూసి, "నువ్వు పనిచేసింది సైన్యంలోనా, సర్కస్‌లోనా?" అని నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ప్రతి ఆదివారం తలుపు దగ్గరగా వేసి, ఆమె పాదం తన ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీస్తాడు. రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చుని బూట్ల తాళ్ళు కడతాడు, డ్రైవరు ముడి, రెండుసార్లు తిప్పి బిగిస్తాడు, సాయంత్రం ఆయన విప్పాల్సిందే. ఇవాళ ముడి వేస్తూ తలెత్తకుండానే అన్నాడు. "ఆ పిల్లకి చెప్పెయ్యి." ఏమని చెప్పనంది. "మా ఆయన నా కాలిగోళ్ళు తీస్తాడని చెప్పు. అక్కడ మొదలుపెడితే మిగతాది దానంతటదే వస్తుంది." ఎంత సులువుగా అన్నాడు. ఆయనకేం, ఆయన్ని చూసి ఎవరూ నిలబడటం నేర్చుకోలేదు.

కొంగ నేర్చుకుంది. అదే కష్టం. పన్నెండేళ్ళకే తోటిపిల్లలందర్నీ దాటేసి పెరిగింది, బడిలో కొంగా కొంగా అని ఏడిపిస్తే వీపు వంచి, భుజాలు లోపలికి ముడిచి, తలుపుల వెనక తిరిగేది. ఒకరోజు వంటగదిలో ఆమె వెనకే చాలాసేపు నిలబడి అడిగింది. "పెద్దమ్మా, నువ్వు అలా ఎలా నిలబడతావు?" ఏం చెబుతుంది? "నడినెత్తిన తాడు కట్టి పైనుంచి ఎవరో లాగుతున్నారనుకో," అంది. పిల్ల నమ్మింది. అద్దం ముందు నమ్మింది, వీధిలో నమ్మింది, బడిలో నమ్మింది. ఆ ఏడాది తిరిగేసరికి వీపు నిలబడింది. కొంగ అని పిలిస్తే, ఏం, అని వెనక్కి తిరిగి చూసేంత అయింది. ఇప్పుడు, ఆ తాడు లేదే పిల్లా, అక్కడ విరిగిన ఎముక ఉందని చెబితే? వెళ్తుందో మానుతుందో తర్వాత సంగతి, మళ్ళీ వంగిపోతే? అందరికీ తెరుచుకోవడం గురించే చెప్పింది తను. దిగడం గురించి ఒక్కళ్ళకీ చెప్పలేదు. ఆ పిల్ల రేపు దూకడానికి పోతోంది సగం కథతో. ఎడమ సగం మడిచి, కుడి సగం గాలికొదిలేసినదాన్ని ఎవరి వీపునైనా కడతారా? తాతయ్య కట్టనిస్తాడా? విప్పెయ్యమంటాడు, మొదటినుంచి మొదలుపెట్టమంటాడు.

కిటికీలో రెండు బూట్లు ఆగాయి. మడమలు కలిపి, కాస్త కూడా ఊగకుండా. నాలుగింటి బెల్లు మోగింది, డ్రయ్యర్లు ఒకదాని తర్వాత ఒకటి మూలిగి ఊరుకున్నాయి. ఆమె సగం మడిచిన దుప్పటి వదల్లేదు. మెట్ల మీద చప్పుడు, తలుపు తోసిన చప్పుడు.

"పెద్దమ్మా! నీ రేడియో ఏది? ఇంత నిశ్శబ్దంగా ఉంటే గది తప్పానేమో అనుకున్నా."

"పన్ను నొప్పి. ఇవాళ ప్రసారాలు లేవు. రా, ఆ కొస పట్టుకో."

కొంగ నవ్వుతూ బల్ల అటు చివరికి వెళ్ళి నిలబడింది. నడినెత్తిన తాడు కట్టినట్టే. వచ్చిన సంగతి అడగడానికి నోరు తెరిచి, ఆమె మొహం చూసి ఆగింది. కొస అందుకోబోతే ఇసుక సంచీ జారి ఇటువైపు ఆమె కాళ్ళ దగ్గర పడింది, దాని వెనకే దుప్పటీ జారింది. ఎదుట రేడియో ఉంటే ఆమె కాలితో సంచీని బల్ల కిందుగా అవతలికి తోసి, వంగే పని నీది, మడిచే పని నాదంటుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. ఆమె కాలు ముందుకి రాబోయి వెనక్కి పోయింది.

"నువ్వే తియ్యవే. నేను వంగలేను."

"మిలటరీవాళ్ళు వంగరేమిటి?"

"వంగకపోవడం కాదే. చేతకాదు. మీ పెదనాన్న ఆదివారం ఆదివారం తలుపేసుకుని నా కాలిగోళ్ళు తీస్తాడు."

కొంగ నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆ నవ్వు మెల్లిగా ఆగిపోయింది. కొంగ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కింద కూర్చుని, సంచీ చేతిలోకి తీసుకుంది. లేవలేదు. ఎదురుగా ఉన్న బూట్లు చూస్తోంది, రెండుసార్లు తిప్పి బిగించిన ఆ ముళ్ళు, ఏ ఆడమనిషీ తన కాలికి తాను వేసుకోని ముళ్ళు.

"ఎప్పటినుంచి?"

"దూకిన రోజునుంచి."

"బాగా దూకానన్నావుగా. తెరుచుకుందన్నావు."

"బాగానే తెరుచుకుంది. అంత బాగా ఇంకేదీ తెరుచుకోదు కూడా. దిగడం గురించి నేను చెప్పలేదు, మీరు అడగలేదు."

"మరి నువ్వలా నిలబడేది..."

"ఇంకోలా నిలబడటం రాక."

కొంగ వీపు చూస్తుండగానే వంగింది. భుజాలు లోపలికి పోయాయి, పన్నెండేళ్ళ పిల్ల మళ్ళీ తలుపు వెనక్కి వెళ్ళిపోయింది. అయిపోయింది, అనుకుంది ఆమె, చేతులారా పాడుచేశాను. పైన కిటికీలో వార్డు ఆయా చెప్పులు ఈడ్చుకుంటూ పోయాయి. కొంగ సంచీని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది, మళ్ళీ మార్చుకుంది. తర్వాత దుప్పటి కొస పట్టుకుని లేచింది. మోకాళ్ళు, నడుము, భుజాలు, మెడ, ఒక్కొక్కటే సర్దుకుంటూ లేచింది, ఏ తాడూ లేకుండా. నడుము వంగి, నిలబడి, మళ్ళీ వంగగలిగిన పిల్ల నిలబడటం అది. ఆమె నిలబడటం కంటే ఎంత బాగుందో.

"నేను అలా నిలబడగలను," అంది కొంగ, కొంచెం కోపంగా, ఎవరి మీదో తెలియని కోపం. "ముందు నీ నుంచి నేర్చుకున్నా. ఇప్పుడు నాకే వచ్చు."

"తెలుస్తోందిలే."

"మరి రేపు వెళ్ళమంటావా, వద్దంటావా?"

"రెండూ అనను. అంతా చెబుతా. విని, రాత్రి పడుకుని, పొద్దున్న లేచి నువ్వు చెప్పు. అటు పో, కొస బిగించి పట్టుకో. నేను చెబుతున్నంతసేపూ వదలకూడదు."

కొంగ బల్ల అటు చివరికి వెళ్ళి దుప్పటి లాగి పట్టుకుంది. ఇద్దరి మధ్యా బట్ట ముడత లేకుండా సాగింది. ఆమె ఇటు కొస బిగించి, ఊపిరి పీల్చుకుని, విమానం తలుపు దగ్గరినుంచి కాకుండా, చలేస్తోందన్న కుర్రాడి దగ్గరినుంచి కాకుండా, ఎవరూ వచ్చి కూర్చోని ఆ పొడుగాటి బెంచీ దగ్గరినుంచి మొదలుపెట్టింది.